కౌంటీ గీతల మీద కట్టిన ప్రాంతం: రాలీ, డర్హమ్, చాపెల్ హిల్ ఎలా కలిశాయి, ఎక్కడ ఆగిపోయాయి

కేరీలో ఇల్లు, ఆర్‌టీపీలో (రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కు) ఉద్యోగం, డర్హమ్‌లో డ్యూక్ ఆస్పత్రి అపాయింట్‌మెంట్, చాపెల్ హిల్‌లో అమ్మాయి చదువు. నార్త్ కరోలినాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలామంది వారం తిరిగేలోపు మూడు కౌంటీలు చుట్టి వస్తారు. వేక్ (రాలీ, కేరీ ఉన్నది), డర్హమ్, ఆరెంజ్ (చాపెల్ హిల్ ఉన్నది). దారిలో చెక్‌పోస్టులేమీ ఉండవు, కౌంటీ బోర్డు కూడా ఒక్కోసారి కంటపడదు. కానీ ఆ గీత దాటగానే ఆస్తి పన్ను రేటు మారుతుంది, స్కూల్ బోర్డు మారుతుంది, షెరీఫ్ మారతాడు, బస్సులకు ఎంత ఖర్చు పెట్టాలో నిర్ణయించేవాళ్లూ మారిపోతారు.

బయటివాళ్లు ఈ ప్రాంతాన్ని 'ట్రయాంగిల్' అని ఒక్క పేరుతో పిలుస్తారు. పక్కపక్క కౌంటీలు కలిసి ఒక ప్రాంతాన్ని నిలబెట్టడం గురించి ఎక్కడ మాట్లాడినా దీని ప్రస్తావన వస్తుంది. అయితే ఇది విజయగాథ మాత్రమే కాదు. ఇవే కౌంటీలు కొన్ని పనుల్లో అద్భుతంగా కలిశాయి, కొన్నింట్లో కోట్ల డాలర్లు పోసి కూడా చేతులెత్తేశాయి. ఈ తేడా నాయకుల మంచితనం వల్ల వచ్చిందని నేననుకోను. ఎవరు ఏం వదులుకున్నారు, 'కాదు' అనే హక్కు ఎవరి చేతిలో మిగిలింది అన్నదే చాలావరకు తేల్చేసింది.

ముందు కౌంటీ అంటే ఏమిటో చూద్దాం. మన జిల్లా లాంటిదే అనుకుంటే సగమే సరిపోతుంది. జిల్లా కలెక్టర్‌ను ప్రభుత్వం నియమిస్తుంది, బదిలీ చేస్తుంది. రెండు జిల్లాల మధ్య పేచీ వస్తే రాజధాని నుంచి ఒక ఉత్తర్వుతో తేలిపోతుంది. నార్త్ కరోలినాలో 100 కౌంటీలున్నాయి. ఒక్కోదానికీ ఎన్నికైన కమిషనర్ల బోర్డు ఉంటుంది. ఆస్తి పన్ను రేటు పెట్టేది, బడ్జెట్ ఖాయం చేసేది వాళ్లే. ఓట్లు గీతకు ఇటువైపే పడతాయి కాబట్టి, పక్క కౌంటీకి లాభం చేసే పనికి డబ్బు పెట్టిన కమిషనర్ సొంత ఓటర్లకు జవాబు చెప్పుకోవాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. కౌంటీలకు సొంతంగా పుట్టుకొచ్చిన అధికారాలంటూ ఉండవు, రాష్ట్ర శాసనసభ ఎంత ఇస్తే అంతే. నాలుగు స్థానిక ప్రభుత్వాలు కలిసి ఒక సంస్థ పెట్టుకోవాలన్నా శాసనసభ చట్టం దానికి వీలివ్వాలి. కలిసే కోరిక కింద ఉన్నా, తాళం చెవి పైనే ఉంటుంది.

అలాంటి చట్టం ఒకటి 1939లో వచ్చింది. రాలీకి ఒకటి, డర్హమ్‌కు ఒకటి అని రెండు చిన్న విమానాశ్రయాలు కట్టే బదులు, మధ్యలో ఒకటే కట్టాలని నిర్ణయించుకున్నారు. దాన్ని నడపడానికి ఒక అథారిటీ పెట్టారు. రాలీ నగరం, డర్హమ్ నగరం, వేక్ కౌంటీ, డర్హమ్ కౌంటీ, ఈ నాలుగూ దానికి యజమానులు. ఒక్కొక్కరు ఇద్దరేసి సభ్యుల్ని నియమిస్తారు, మొత్తం 8 మంది. విమానాశ్రయం 1943లో తెరిచారు.

ఇక్కడ గమనించాల్సింది సీట్ల లెక్క. 2020 జనాభా లెక్కల ప్రకారం వేక్ కౌంటీలో 11 లక్షల 29 వేల మంది ఉన్నారు, డర్హమ్ కౌంటీలో 3 లక్షల 25 వేల మంది. జనాభా ప్రకారం పంచితే డర్హమ్ మాట చెల్లదు. సమానంగా పంచడం వల్ల పెద్ద కౌంటీ తన బలాన్ని కొంత వదులుకున్నట్టయింది. రోజువారీ ఖర్చులకు ఈ సంస్థ యజమానుల పన్ను డబ్బు మీద ఆధారపడదు. విమానయాన సంస్థలు కట్టే ఫీజులు, అద్దెలు, పార్కింగ్ ఆదాయమే ప్రధానం. అంటే ప్రతి ఏడాదీ బడ్జెట్ వేళ 'మా వాటా ఎంత, మీ వాటా ఎంత' అనే తగువుకు తావు లేదు. 80 ఏళ్లు దాటినా ఆ ఏర్పాటు చెక్కుచెదరకపోవడానికి ఈ రెండే కారణాలని నా అభిప్రాయం.

అసలు కథ మాత్రం 1950లలో మొదలవుతుంది. అప్పటి నార్త్ కరోలినా పొగాకు, బట్టల మిల్లులు, ఫర్నిచర్ మీద బతికే రాష్ట్రం. తలసరి ఆదాయంలో దేశంలోనే అట్టడుగు వరుసలో ఉండేది. ఒకదానికొకటి కూతవేటు దూరంలో మూడు మంచి యూనివర్సిటీలు ఉండేవి: డర్హమ్‌లో డ్యూక్, చాపెల్ హిల్‌లో యూఎన్‌సీ (యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరోలినా), రాలీలో నార్త్ కరోలినా స్టేట్. అక్కడ కెమిస్ట్రీలోనో ఇంజినీరింగ్‌లోనో పట్టా పుచ్చుకున్న కుర్రాళ్లు మర్నాడే ఉత్తరాదికి రైలెక్కేవాళ్లు, ఎందుకంటే ఇక్కడ వాళ్ల చదువుకు తగ్గ పనే లేదు. (ఆ బాధ ఎలాంటిదో మన ఊళ్లకు బాగా తెలుసు.)

గ్రీన్స్‌బరోకు చెందిన రోమియో గెస్ట్ అనే నిర్మాణ కాంట్రాక్టరు బోస్టన్ పక్కనున్న ఎంఐటీలో చదువుకున్నాడు. యూనివర్సిటీల పక్కన పరిశోధనా సంస్థలు పుట్టుకురావడం అక్కడ చూశాడు. ఈ మూడు యూనివర్సిటీల్నీ ముగ్గు గీసినట్టు కలిపితే వచ్చే త్రికోణం మధ్యలో అలాంటిదే పెట్టవచ్చు అన్నాడు. గవర్నర్ లూథర్ హాడ్జెస్ ఆ ఆలోచనను భుజానికెత్తుకున్నాడు. యూఎన్‌సీ సోషియాలజీ ప్రొఫెసర్ జార్జ్ సింప్సన్‌ను దీని పనికి డైరెక్టర్‌గా పెట్టారు.

మొదటి ప్రయత్నం దాదాపు మునిగిపోయింది. కార్ల్ రాబిన్స్ అనే మిల్లు యజమాని డబ్బుతో, డర్హమ్ కౌంటీ దక్షిణ భాగంలో పైన్ చెట్లు తప్ప పెద్దగా ఏమీ లేని నేల వేల ఎకరాలు కొనడం మొదలుపెట్టారు. లాభాపేక్ష ఉన్న కంపెనీగా నడపాలని, షేర్లు అమ్మి మిగతా పెట్టుబడి తేవాలని ప్లాన్. షేర్లు కొనేవాళ్లు కరువయ్యారు. యూనివర్సిటీలకూ ఇబ్బందిగానే ఉంది: ఒక ప్రైవేటు వ్యక్తి భూమి అమ్మకానికి మన పేరు, మన ప్రొఫెసర్ల పేరు ఎందుకు వాడాలి? ఆ ప్రశ్న న్యాయమైనదే.

1958లో గవర్నర్ వాకోవియా బ్యాంకు నాయకుడు ఆర్చీ డేవిస్‌ను పిలిచి షేర్లు అమ్మిపెట్టమన్నాడు. డేవిస్ మొత్తం లెక్కనే తిరగేశాడు. ఇది రాష్ట్రం కోసం చేసే పనైతే లాభం ఎవరికీ రాకూడదు, షేర్లు వద్దు, విరాళాలు అడుగుదాం అన్నాడు. రాష్ట్రమంతా తిరిగి, వ్యాపారుల దగ్గర, కంపెనీల దగ్గర కొద్ది నెలల్లోనే 14 లక్షల 25 వేల డాలర్లు పోగుచేశాడు. డేవిస్ ఉండేది విన్‌స్టన్-సేలంలో, అంటే ట్రయాంగిల్‌లో భాగం కాని ఊళ్లో. ఇచ్చినవాళ్లలోనూ ట్రయాంగిల్ బయటివాళ్లు చాలామందే ఉన్నారు. ఆ డబ్బుతో రాబిన్స్ వాటా కొనేసి, 1959 జనవరిలో భూమిని లాభాపేక్ష లేని ఒక ఫౌండేషన్ చేతికి అప్పగించారు. మూడు యూనివర్సిటీలూ కలిసి రీసెర్చ్ ట్రయాంగిల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టాయి.

చాలామంది ఈ కథలో త్రికోణం ఆలోచనను మెచ్చుకుంటారు. నాకు మాత్రం యాజమాన్యం చేతులు మారిన ఆ కొన్ని నెలలే అన్నిటికంటే ముఖ్యం అనిపిస్తుంది. భూమి రాబిన్స్‌దే అయి ఉంటే డ్యూక్, యూఎన్‌సీ ఒకదాన్ని ఒకటి అనుమానిస్తూనే ఉండేవి. ఏ ఒక్క నగరానిదో అయి ఉంటే మిగతా రెండూ పక్కకు తప్పుకునేవి. ఎవరిదీ కాకుండా పోయింది కాబట్టే అందరిదీ కాగలిగింది.

ఆ తర్వాత కూడా ఓపిక కావాల్సి వచ్చింది. ఆ భూమిలో వెలిసిందే ఆర్‌టీపీ. మొదట్లో అక్కడికి వచ్చిన పెద్ద సంస్థ కృత్రిమ దారాల కంపెనీ కెమ్‌స్ట్రాండ్ ఒక్కటే. కొన్నేళ్లపాటు పార్కు చాలావరకు ఖాళీగానే ఉంది. 1965లో ఐబీఎం వస్తున్నట్టు ప్రకటించింది, అదే ఏడాది కేంద్ర ప్రభుత్వపు పర్యావరణ ఆరోగ్య పరిశోధనా సంస్థ కూడా ఖాయమైంది. అక్కడినుంచి వెనక్కి చూసుకోలేదు. హాడ్జెస్ కెనెడీ మంత్రివర్గంలో వాణిజ్య మంత్రిగా పనిచేసి తిరిగొచ్చాక, ఏడాదికి ఒక్క డాలరు జీతంతో ఫౌండేషన్ బాధ్యతలు మోశాడు. ఇప్పుడు పార్కు సుమారు 7,000 ఎకరాలు, వందల సంస్థలు. ఎక్కువ భాగం డర్హమ్ కౌంటీలో, కొంత వేక్ కౌంటీలో ఉంది.

గీతకు రెండు వైపులా ఉన్న పార్కుకు పన్నులెలా? పక్కనున్న నగరాలకు దాన్ని తమలో కలిపేసుకుని పన్ను వేసుకోవాలని ఉండటం సహజం. 1980లలో రాష్ట్ర చట్టం ఆ దారి మూసేసింది. పార్కును ఏ నగరమూ కలుపుకోకూడదు, కౌంటీలు మాత్రం దానికోసం ప్రత్యేక సర్వీస్ డిస్ట్రిక్ట్ (వేరే పన్ను ఉండే ప్రాంతం) పెట్టి పరిమితికి లోబడి చిన్న పన్ను వేయవచ్చు. నగరాలు మంచి ఆదాయం వదులుకున్నాయి. బదులుగా, కంపెనీ ఏ పక్కకు వచ్చినా ఇళ్లూ కొట్లూ ఉద్యోగాలూ తమకే వస్తాయన్న నమ్మకం దొరికింది.

ఇంతవరకు చెప్పిన కథలో బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లెవరో ఒకసారి చూడాలి. గవర్నర్, బ్యాంకర్లు, మిల్లు యజమానులు, యూనివర్సిటీ అధ్యక్షులు. అందరూ తెల్లవాళ్లు, మగవాళ్లు. డర్హమ్‌లోనే, పార్కుకు కొద్ది మైళ్ల దూరంలో, 1910 నుంచి నడుస్తున్న నల్లజాతివారి కాలేజీ ఉంది, ఇప్పటి నార్త్ కరోలినా సెంట్రల్ యూనివర్సిటీ. త్రికోణానికి దాన్ని నాలుగో మూలగా ఎవరూ లెక్కపెట్టలేదు. డర్హమ్‌లో హేటై అనే పేట ఉండేది. నల్లజాతి కుటుంబాలు సొంత కొట్లు, చర్చిలు, ఆస్పత్రి, థియేటర్లు కట్టుకున్న చోటది. దేశంలో నల్లజాతివారి పెద్ద ఇన్సూరెన్స్ కంపెనీల్లో ఒకటైన నార్త్ కరోలినా మ్యూచువల్ పుట్టింది ఆ ఊళ్లోనే, 1898లో. డర్హమ్ డౌన్‌టౌన్‌ను పార్కుతో కలిపే ఫ్రీవేను 1960ల నుంచి ఆ పేట మధ్యలోంచి వేశారు. 'అర్బన్ రెన్యూవల్' (పాత పేటలు కూల్చి కొత్తగా కట్టడం) పేరుతో వేల కుటుంబాల్ని, వందల వ్యాపారాల్ని ఖాళీ చేయించారు. కొత్త కట్టడాలు వస్తాయన్న హామీ చాలావరకు హామీగానే మిగిలింది. ప్రాంతం బాగుపడింది అనేటప్పుడు ఈ పేట పేరు చెప్పకపోవడం అన్యాయం. గీతలు దాటి కలిసిన నాయకులు తమ ఊళ్లోనే ఉన్న ఇంకో గీతను దాటలేదు.

పార్కు విజయమే కొత్త సమస్యల్ని కూడా తెచ్చింది. అక్కడ పనిచేయవచ్చు కానీ దశాబ్దాలపాటు నివాసం ఉండటానికి వీల్లేకపోయింది, ఇళ్లకు అనుమతి ఉండేది కాదు. అందరూ ఎక్కడినుంచో కార్లో రావాల్సి వచ్చేది. 1960లో మూడున్నర వేలకు మించని కేరీ జనాభా 2020కి లక్షా 74 వేలు దాటింది. పక్కనే ఉన్న మోరిస్‌విల్‌లో ఇప్పుడు జనంలో సగానికి దగ్గరగా ఆసియా మూలాలవాళ్లే, అందులో మనవాళ్లూ చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉన్నారు. 2009లో కేరీలో తెరిచిన వేంకటేశ్వర స్వామి గుడికి శనివారాలు వచ్చే కార్లలో మూడు కౌంటీల చిరునామాలూ ఉంటాయి. సాయంత్రం ఐదింటికి ఐ-40 హైవే మీద బ్రేక్ లైట్ల బారు చూసి టెన్షన్ పడనివాళ్లు లేరు.

దీనికి రైలే మందు అని 1980ల నుంచీ అంటున్నారు. 1989లో మూడు కౌంటీలకూ కలిపి ట్రాన్సిట్ అథారిటీ (ప్రజా రవాణా సంస్థ) పెట్టారు, ఇప్పుడు దాని పేరు గోట్రయాంగిల్. రాలీ, డర్హమ్ మధ్య రైలు ప్రణాళిక ఒకటి 2006లో కేంద్రం డబ్బు దొరక్క ఆగింది. తర్వాత అరశాతం అమ్మకపు పన్నుతో సొంత నిధి పోగుచేద్దామనుకున్నారు. ఆ పన్నును ప్రతి కౌంటీలో ఓటర్లే ఆమోదించాలి. డర్హమ్ 2011లో, ఆరెంజ్ 2012లో సరేనన్నాయి. వేక్ 2016 వరకు ఆగింది. అంటే మూడు కౌంటీల రైలు కాస్తా ముందు రెండు కౌంటీల రైలైపోయింది. చాపెల్ హిల్‌లోని యూఎన్‌సీ ఆస్పత్రి నుంచి డర్హమ్ మీదుగా, చివరికి సెంట్రల్ యూనివర్సిటీ దాకా 17.7 మైళ్ల లైట్ రైల్. వేక్ అందులో లేదు, పార్కూ లేదు, విమానాశ్రయమూ లేదు.

ఇక మొదలైంది లెక్కల పోరు. లైన్‌లో ఎక్కువ స్టేషన్లు డర్హమ్‌లో ఉన్నాయి, ఆరెంజ్ వాటా ఎంత ఉండాలి? పల్లెలు ఎక్కువున్న ఉత్తర ఆరెంజ్ వాళ్లు 'మాకు రైలూ రాదు, బస్సూ రాదు, పన్ను మాత్రం కట్టాలా' అన్నారు. రాష్ట్ర శాసనసభ తన వాటాకు పరిమితి మీద పరిమితి పెట్టింది. అంచనా ఖర్చు పెరుగుతూ దాదాపు 250 కోట్ల డాలర్లకు చేరింది.

చివరి దెబ్బ కౌంటీల నుంచి రాలేదు. లైన్ డర్హమ్‌లో ఎర్విన్ రోడ్డు మీదుగా డ్యూక్ ఆస్పత్రి ముందు నుంచి వెళ్లాలి, దానికి డ్యూక్ సంతకం కావాలి. రైలు ప్రకంపనలు, విద్యుదయస్కాంత ప్రభావం ఆస్పత్రి పరికరాలకు అడ్డమని, ఇంకా కొన్ని కారణాలు చూపించి 2019 ఫిబ్రవరిలో డ్యూక్ ఒప్పందంపై సంతకం చేయనంది. మార్చిలో గోట్రయాంగిల్ బోర్డు ప్రాజెక్టును ఆపేసింది. అప్పటికే ఖర్చయింది 13 కోట్ల డాలర్లకు పైనే.

డ్యూక్ అభ్యంతరాల్లో నిజమెంత అన్నదానిపై డర్హమ్‌లో ఇంకా వాదనలు నడుస్తాయి. దానికంటే పెద్ద ప్రశ్న ఒకటుంది: ఎన్నికైన ప్రభుత్వాలు, ఓటేసిన ప్రజలు, ఏళ్ల తరబడి కడుతున్న పన్ను ఇవన్నీ ఉన్నాక, ఆఖరి గడప దగ్గర ఒక ప్రైవేటు సంస్థకు 'కాదు' అనే వీలు ఎందుకు మిగిలింది? ఆ సంతకాలు ఇంజినీరింగ్ డిజైన్లకు కోట్లు పోయకముందే, మొదటి ఏడాదే తేల్చుకోవాల్సినవి. 1959లో ముందు యాజమాన్యం తేల్చి ఆ తర్వాత కట్టడం మొదలుపెట్టారు. ఇక్కడ తిరగబడింది. నష్టపోయిందెవరంటే, ఆ లైన్ చివర ఉన్న తూర్పు డర్హమ్ బస్సు ప్రయాణికులు. ఫ్రీవే కింద ఇళ్లు పోగొట్టుకున్న పేట వాళ్ల పిల్లలూ మనవలూ వాళ్లలో ఉన్నారు.

నీళ్ల విషయంలో కథ వేరేగా నడిచింది. 2007-08లో ఘోరమైన కరువు వచ్చింది. డర్హమ్ చెరువులు అడుగంటాయి, రాలీకి నీళ్లిచ్చే ఫాల్స్ లేక్ కూడా దిగిపోయింది. చాతమ్ కౌంటీలో ఆర్మీ ఇంజినీర్లు కట్టిన జోర్డన్ లేక్‌లో మాత్రం నీళ్లున్నాయి. అందులోంచి తోడుకునే కేరీ, పైపులు కలిపి ఉన్నందువల్ల డర్హమ్‌కు నీళ్లు అమ్మగలిగింది. ఆ కరువు అయ్యాక 2009లో చుట్టుపక్కల ఊళ్లు, కౌంటీలు, నీటి సంస్థలు కలిసి జోర్డన్ లేక్ పార్ట్‌నర్‌షిప్ పెట్టుకున్నాయి. ముందు 'నీకెంత, నాకెంత' అని కాకుండా, రాబోయే దశాబ్దాల అవసరం అందరిదీ ఒకే పద్ధతిలో లెక్కకట్టి, ఆ లెక్కను రాష్ట్రం ముందు పెట్టాయి. జలాశయంలో తాగునీటి వాటాలు పంచేది రాష్ట్రమే. ఏ కౌంటీకీ దానిమీద పెత్తనం లేదు, అందుకే ఎవరూ బెదిరించలేరు.

ఆ పైపుల విలువ 2017 ఫిబ్రవరిలో చాపెల్ హిల్ వాళ్లకు తెలిసొచ్చింది. శుద్ధి కేంద్రంలో ఫ్లోరైడ్ మోతాదు ఎక్కువ పడి ప్లాంటు మూసేశారు, మర్నాడే పెద్ద పైపు ఒకటి పగిలింది. కుళాయి నీళ్లు ముట్టుకోవద్దన్నారు. హోటళ్లు మూతపడ్డాయి. ఆ ఊళ్లో పండగలాంటి యూఎన్‌సీ, నోటర్ డేమ్ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌ను గ్రీన్స్‌బరోకు మార్చాల్సి వచ్చింది. పక్క కౌంటీ డర్హమ్ నుంచి నీళ్లు వచ్చాయి కాబట్టి పరిస్థితి రోజుల్లోనే సర్దుకుంది. ఆ పూట ఎవరూ కౌంటీ గీత గురించి అడగలేదు, ఎందుకంటే ఒప్పందాలు, వాల్వులు, మీటర్లు అన్నీ ముందే సిద్ధంగా ఉన్నాయి.

నీళ్లలోనూ తేలిగ్గా తెగనివి ఉన్నాయి. ఫాల్స్ లేక్ నీళ్లు తాగేది రాలీ, పై నుంచి మురుగు, ఎరువుల అవశేషాలు చేరేది డర్హమ్ వైపు నుంచి. శుభ్రం చేసే ఖర్చు ఎగువన, లాభం దిగువన. 2011లో రాష్ట్రం నిబంధనలు పెట్టాక ఆ ఖర్చు గురించి వాదన ఎడతెగకుండా సాగింది. జోర్డన్ లేక్ నుంచి తోడుకునే నీళ్లను వాడాక మళ్లీ అదే కేప్ ఫియర్ నది వ్యవస్థలోకి వదలాలన్న షరతుతో కేరీ, ఏపెక్స్, మోరిస్‌విల్ కలిసి పెద్ద శుద్ధి కేంద్రం కట్టుకోవాల్సి వచ్చింది, అది 2014లో మొదలైంది. మోరిస్‌విల్‌లో నీళ్ల బిల్లు కట్టే మనవాళ్ల డబ్బులో కొంత, దిగువ కౌంటీలకు ఇచ్చిన ఆ మాట నిలబెట్టుకోవడానికే పోతుంది. పోవాలి కూడా.

ఇప్పుడు డర్హమ్, చాపెల్ హిల్ వైపు నీటి సంస్థ కలిసి జోర్డన్ లేక్ పడమటి ఒడ్డున కొత్త ఇన్‌టేక్ (నీళ్లు తోడే కేంద్రం) కట్టుకునే ప్రయత్నంలో ఉన్నాయి. ఆ సరస్సులోకి నీళ్లు తెచ్చే హా నది మాత్రం గ్రీన్స్‌బరో, బర్లింగ్‌టన్ వైపు నుంచి వస్తుంది. అక్కడి ఫ్యాక్టరీల నుంచి 1,4-డయాక్సేన్, పీఫాస్ లాంటి రసాయనాలు దిగువకు వస్తున్నాయి. ఆ ఊళ్లు ఉన్న గిల్ఫర్డ్, అలమాన్స్ కౌంటీలు ట్రయాంగిల్‌లో భాగం కావు, వాళ్ల ప్రాంతీయ మండలి వేరు. జోర్డన్ లేక్ కోసం రాష్ట్రం 2009లోనే నిబంధనలు రాసినా, శాసనసభ వాటి అమలును పదేపదే వాయిదా వేసింది. ఎగువ, దిగువ ఊళ్లను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడానికి జోర్డన్ లేక్ వన్ వాటర్ అనే వేదిక నడుస్తోంది. అందులో చేరడం స్వచ్ఛందం, ఎవరినీ శాసించే అధికారం దానికి లేదు. విమానాశ్రయానికి 1939లో ఇచ్చినట్టుగా దానికీ చట్టబద్ధమైన సీట్లు, సొంత ఆదాయం ఇస్తారా లేదా అన్నది రాలీలోని శాసనసభ చేతిలో ఉంది.